ఆటపాటలకు మార్కులు వేస్తే ఏమవుతుంది: అమెరికా అనుభవం

ఇంటర్ అయ్యాక పిల్లల్ని నేరుగా అమెరికాలో డిగ్రీకి పంపుదామనుకునే ఇళ్లు గోదావరి జిల్లాల్లోనూ కనిపిస్తున్నాయి. వాళ్లను వేధించే సందేహం ఒకటుంది. మావాడి కాలేజీలో డిబేట్ క్లబ్బు లేదు, సంగీతం లేదు, ఆటస్థలం లేదు; తెల్లారి లేస్తే రాత్రి దాకా క్లాసులూ స్టడీ అవర్లే. దరఖాస్తులో ‘యాక్టివిటీస్’ అని పది గళ్లు ఉన్నాయట, వాటిలో ఏం రాయాలి? ఇంకోపక్క, ఇంటర్ చదువు తీరు చూసి విసిగిన పెద్దలు అమెరికాను చూపించి, మన దగ్గర కూడా ర్యాంకుతో పాటు ఆటలకూ పాటలకూ సమాజసేవకూ ప్రవేశాల్లో లెక్క ఉండాలంటున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. వాళ్లు కోరే మందు మాత్రం సరైనది కాదని, అమెరికాలో స్థిరపడి ఇక్కడి బడుల తీరు గమనిస్తున్న మనిషిగా నేను నమ్ముతున్నాను. ఆటపాటలు ప్రతి బడిలోనూ ఉండి తీరాలి. కాలేజీ సీటును తూచే తక్కెడలో మాత్రం వాటిని వేయకూడదు. ఈ రెండు పనులకూ ముడిపెట్టడం వల్ల ఏమవుతుందో అమెరికా వందేళ్ల చరిత్రలో స్పష్టంగా చూడవచ్చు.

ఇక్కడి పెద్ద కాలేజీలు మొదటి నుంచీ పిల్లల ‘సర్వతోముఖ వికాసం’ చూసి చేర్చుకున్నాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1900 ప్రాంతంలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో చేరడానికి దారి పరీక్షే. కాలేజ్ బోర్డు 1900లో ఏర్పడి, మరుసటి ఏడు తొలి ఉమ్మడి పరీక్షలు పెట్టింది. లాటిన్ నేర్పే ఖరీదైన ప్రైవేటు బడుల పిల్లలే ఎక్కువగా గట్టెక్కేవారు కాబట్టి ఆ పద్ధతి మీద ఎవరికీ ఫిర్యాదు లేకపోయింది. రష్యా నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు ప్రభుత్వ హైస్కూళ్లలో చదివి అవే పరీక్షలు పాసవడం మొదలయ్యాకే ఫిర్యాదులు వచ్చాయి. 1900లో హార్వర్డ్‌లో సుమారు 7 శాతం ఉన్న యూదు విద్యార్థులు 1922కి 21 శాతం దాటారు. హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ వాళ్లను 15 శాతం దగ్గర ఆపాలని ప్రతిపాదించాడు. దేశమంతా గొడవైంది. 1923లో అధ్యాపకుల సంఘం కోటా వద్దని తేల్చి, ఏ హైస్కూల్లోనైనా తరగతిలో మొదటి ఏడో వంతులో నిలిచినవాళ్లను పరీక్ష లేకుండానే చేర్చుకోవచ్చంది. పశ్చిమ, దక్షిణ రాష్ట్రాల చిన్న ఊళ్ల పిల్లలు వస్తారని వాళ్ల ఆశ. తీరా చూస్తే ఆ రెండు మూడేళ్లలో యూదు విద్యార్థుల సంఖ్య ఇంకా పెరిగింది. దాంతో 1926లో హార్వర్డ్ మొదటి ఏడాది తరగతికి వెయ్యిమందే అని హద్దు పెట్టి, ఇక మీదట మార్కులతో పాటు శీలం, వ్యక్తిత్వం కూడా చూస్తామంది. దరఖాస్తుకు ఫొటో జతచేయమంది. అంతకు నాలుగేళ్ల ముందే, 1922లో, డార్ట్‌మత్ కాలేజీ చదువుతో పాటు గుణగణాల్నీ, బడిలో విద్యార్థి చేపట్టిన పనుల్నీ, ఏ ప్రాంతం నుంచి వచ్చాడన్నదాన్నీ, పూర్వ విద్యార్థుల బిడ్డ అవునా కాదా అన్నదాన్నీ కలిపి చూసే పద్ధతి ప్రకటించింది. పిల్లవాడి ఆటలూ వ్యాపకాలూ సీటు లెక్కలోకి వచ్చింది ఈ గుమ్మం నుంచే. లోవెల్ 1933లో దిగిపోయే నాటికి యూదు విద్యార్థుల వాటా అతను మొదట అడిగిన అంకె చుట్టుపక్కలకే దిగింది. జెరోమ్ కారబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో వెలువరించిన పెద్ద గ్రంథంలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ దస్తావేజుల ఆధారంగా ఈ కథనంతా బయటపెట్టాడు.

దీన్ని మన వైపు నుంచి చూస్తే మరో సంగతి బోధపడుతుంది. అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏ వర్గానికి ఎంత వాటా అన్నది కమ్యూనల్ జీవోల్లో అచ్చయి ఉండేది. నచ్చినవాళ్లు సమర్థించారు, నచ్చనివాళ్లు కోర్టుకెక్కారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తే, ఆ ఏడే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. మన కోటా వెనుకబడినవాళ్లను లోపలికి తేవడానికి పుట్టింది, లోవెల్ కోరిన హద్దు పైకి వస్తున్నవాళ్లను బయట ఆపడానికి పుట్టింది, కాబట్టి రెండూ ఒకటి కావు. అయినా నాకు ముఖ్యంగా తోచేది ఇది: అచ్చులో ఉన్నదానితో వాదించవచ్చు, ఓడించవచ్చు, సవరించవచ్చు. శీలం, నాయకత్వం అని గది లోపల వేసే అంకెలతో ఎవరు వాదించగలరు? హార్వర్డ్ ప్రతి దరఖాస్తుదారుకూ చదువు, వ్యాపకాలు, క్రీడలు, వ్యక్తిత్వం అని విడివిడిగా వేసే రేటింగుల సంగతి దేశానికి వివరంగా తెలిసింది 2014లో కేసు పడి, 2018లో విచారణ జరిగాకే. ఆసియా మూలాలున్న పిల్లలకు చదువులోనూ వ్యాపకాల్లోనూ సగటున తెల్లపిల్లల కంటే మంచి రేటింగు వచ్చిందని, ‘వ్యక్తిత్వం’ దగ్గర మాత్రం తగ్గిందని ఆ విచారణలో తేలింది. అందులో ఉద్దేశపూర్వకమైన వివక్ష కనబడలేదని కింది కోర్టు 2019లో చెప్పింది. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు జాతిని లెక్కలోకి తీసుకోవడాన్నే కొట్టేసింది. వ్యాపకాల లెక్క మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇక్కడితో ఆపితే అమెరికాకు అన్యాయం చేసినట్టే. ఆటపాటలకు ఈ దేశంలో ఇంకో చరిత్ర ఉంది, అది గౌరవించదగ్గది. 1910లో అమెరికా పిల్లల్లో హైస్కూలు పూర్తి చేసినవాళ్లు పదోవంతు కూడా లేరు; 1940 నాటికి సగం మంది పూర్తి చేశారు. అంత పెద్ద సంఖ్యలో రైతుల, కూలీల, వలసవాళ్ల బిడ్డలు బడికొస్తుంటే, వాళ్లలో చాలామంది కాలేజీకి వెళ్లరని తెలిసి కూడా, బడి వాళ్లకేమివ్వాలి అని ఈ సమాజం ఆలోచించింది. 1918లో వెలువడిన ఒక నివేదిక సెకండరీ విద్యకు ఏడు లక్ష్యాలు చెప్పింది. ఆరోగ్యం, పౌరధర్మం, తీరిక సమయాన్ని చక్కగా గడపడం వాటిలో ఉన్నాయి. బడి పత్రిక, నాటకం, బ్యాండు, ఫుట్‌బాల్ జట్టు, విద్యార్థి సంఘం ఇవన్నీ ఊరి పన్నుతో, ఊరి బడిలో, అందరి కోసం నిలబడ్డాయి. 1917 చట్టంతో వ్యవసాయ విద్యకు కేంద్ర నిధులొస్తే, 1928లో కాన్సస్ సిటీలో రైతుబిడ్డల సంఘం ‘ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా’ పుట్టింది. ఆవుదూడను పెంచి సంతలో చూపించిన కుర్రవాడు హార్వర్డ్ కోసం ఆ పని చేయలేదు. సీటుతో సంబంధం లేకుండానే అమెరికా బడిలో ఆటపాటలు వేళ్లూనుకున్నాయి.

చిన్న బడిలో అవకాశాలు తక్కువ కదా అన్న మాటకు ఇక్కడి చరిత్రలో ఎంతో ఉపయోగపడే ఆధారం ఉంది. హార్వర్డ్ అధ్యక్షుడిగా పనిచేసిన జేమ్స్ కోనంట్ 1959లో హైస్కూళ్ల మీద పుస్తకం రాస్తూ, చివరి తరగతిలో వందమందైనా లేని బడిలో మంచి చదువు సాగదని, చిన్న బడుల్ని కలిపేయాలని గట్టిగా చెప్పాడు. కలపడం అంతకుముందే మొదలైంది. 1940 ప్రాంతంలో 1,17,000 దాకా ఉన్న బడి జిల్లాలు 1970 నాటికి 18,000కు దిగాయి. పెద్ద బడిలో రకరకాల క్లబ్బులు వచ్చాయి నిజమే. కానీ 1964లో రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాన్సస్ బడుల మీద చేసిన అధ్యయనం అనుకోని ఫలితం చూపించింది. పెద్ద బడిలో జాబితా పొడవుగా ఉంటుంది, పిల్లల్లో ఎక్కువమంది ప్రేక్షకులుగా మిగిలిపోతారు. చిన్న బడిలో జాబితా పొట్టిది, అయినా నాటకానికి, జట్టుకి, పత్రికకి మనుషులు చాలరు కాబట్టి దాదాపు ప్రతి పిల్లవాడినీ పిలవాల్సి వస్తుంది. బాధ్యతగల పాత్రలు సగటు విద్యార్థికీ, చదువులో వెనుకబడినవాడికీ కూడా దక్కుతాయి. అంటే చూడవలసింది ఎన్ని క్లబ్బులున్నాయన్నది కాదు, ఎందరు పిల్లలకు చేసే పని దొరికిందన్నది. వాలీబాల్ నెట్టూ, ఏడాదికోసారి వార్షికోత్సవ నాటకమూ ఉన్న కోనసీమ జిల్లా పరిషత్ హైస్కూలు ఈ కొలత ప్రకారం, ఇరవై క్లబ్బులు అచ్చేసిన బ్రోషరున్న బడి కంటే మెరుగు కావచ్చు. దరఖాస్తు కాగితం మీద మాత్రం ఈ తేడా తలకిందులుగా కనబడుతుంది. కాగితానికి జాబితాయే కావాలి.

ఈ రెండు చరిత్రలూ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలిసిపోయాయి. కాలేజీకి వెళ్లేవాళ్లు పెరిగి, పేరున్న చోట్ల సీట్లకు పోటీ బిగిసింది. 1975లో 15 ప్రైవేటు కాలేజీలు కలిసి మొదలుపెట్టిన ‘కామన్ అప్లికేషన్’ను ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు వాడుతున్నాయి, ఆ పది గళ్లు అందులోవే. లెక్కలోకి వచ్చిన ప్రతిదానికీ ధర పుడుతుంది. ఇంకోపక్క, 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆస్తిపన్నుకు కళ్లెం వేశారు. బడులకు డబ్బు తగ్గింది. సాంటా బార్బరా హైస్కూలు జిల్లా, ఆడే ప్రతి జట్టుకూ 25 డాలర్లు, నాటకానికీ సంగీతానికీ విడిగా రుసుము అంది. ఒక తల్లి కోర్టుకెళ్లింది. 1984లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే విలువైనది: ఆటలూ పాటలూ చదువులో భాగమే, రాజ్యాంగం ఉచిత బడి అన్నది కాబట్టి వాటికి రుసుము పుచ్చుకోకూడదు, పేదలకు మినహాయింపు ఇస్తున్నాం అన్నా చెల్లదు అని. ఆ తీర్పు కాలిఫోర్నియాకే పరిమితం. అనేక రాష్ట్రాల్లో పిల్లలు జట్టులో ఆడటానికి నేటికీ డబ్బు కట్టాలి. ఫలితం ఏమైందో 2023లో రెండు పరిశోధనలు చూపించాయి. కామన్ అప్లికేషన్ ద్వారా వచ్చిన దాదాపు 60 లక్షల దరఖాస్తుల్ని పరిశీలిస్తే, కలిగిన ఇళ్ల, ప్రైవేటు బడుల పిల్లలు వ్యాపకాలూ నాయకత్వ పదవులూ ఎక్కువ రాసుకోగలుగుతున్నారు. అర్థశాస్త్రవేత్త రాజ్ చెట్టి బృందం లెక్క ఇంకా సూటిగా ఉంది: పరీక్షలో ఒకే స్కోరు వచ్చినా, అత్యంత సంపన్నులైన 1 శాతం ఇళ్ల పిల్లలు మధ్యతరగతి పిల్లల కంటే రెట్టింపుకు మించి పన్నెండు పేరుమోసిన కాలేజీల్లో చేరుతున్నారు. ఆ తేడాకు మూడు కారణాలు చెప్పారు. పూర్వ విద్యార్థుల పిల్లలన్న పక్షపాతం, క్రీడాకారుల భర్తీ, చదువేతర విషయాలకు ఇచ్చే బరువు. పైగా ఆ చదువేతర రేటింగులు పిల్లలు తర్వాత జీవితంలో ఎలా రాణిస్తారో చెప్పలేకపోయాయి, మార్కులూ పరీక్షలే చెప్పాయి. ఈ దేశంలో మన తెలుగువాళ్ల ఇళ్లు చాలావరకు ఈ లెక్కలో లాభపడే వైపే ఉన్నాయని కూడా ఒప్పుకోవాలి. కూచిపూడి రంగప్రవేశం, రోబోటిక్స్, టెన్నిస్ కోచింగు భరించగల ఇళ్లవి. అందుకే మనం ఈ పద్ధతిని మెచ్చుకుంటూ ఊరికి రాసే ఉత్తరాలను కాస్త జాగ్రత్తగా చదవాలి.

పరీక్షను మాత్రం డబ్బు కొనదా అని ఎవరైనా అడగవచ్చు. కొంటుంది. పరీక్షకు పవిత్రత ఆపాదించడం నా ఉద్దేశం కాదు. కాలేజీ ప్రవేశాలకు వాడే ఎస్ఏటీ పరీక్ష మొదటిసారి పెట్టింది కూడా, హార్వర్డ్ శీలం చూస్తానన్న 1926లోనే. దాన్ని తయారుచేసిన కార్ల్ బ్రిగమ్ అంతకు మూడేళ్ల ముందు జాతుల తెలివితేటల మీద ఘోరమైన పుస్తకం రాసి, 1930లో అది తప్పని తానే ఒప్పుకున్నాడు. మన దగ్గర 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం వచ్చి, ఆపైన ఎంసెట్ నిలదొక్కుకున్నప్పుడు, సిఫారసు లేని కౌలురైతు బిడ్డ కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో కూర్చోగలిగాడు. అది చిన్న మార్పు కాదు. తర్వాత ఆ పరీక్ష చుట్టూనే కోచింగు వ్యాపారం పెరిగి, ర్యాంకుకూ ఫీజుకూ ముడి పడింది. అయితే దానికి విరుగుడు ఇంకా ఖరీదైన తక్కెడ కాదు. ఒక్కో బడిలో పిల్లవాడు తన తోటివాళ్ల మధ్య ఎక్కడ నిలిచాడో చూడటం మెరుగైన విరుగుడు. టెక్సాస్ 1997లో చట్టం చేసి, రాష్ట్రంలోని ఏ హైస్కూల్లోనైనా మొదటి పది శాతంలో నిలిచినవాళ్లకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం చేసింది. మారుమూల ఊళ్ల శాసనసభ్యులూ, నగరాల్లో నల్లవాళ్ల, మెక్సికన్ల పేటల ప్రతినిధులూ కలిసి దాన్ని నిలబెట్టారు. ఆస్టిన్ విశ్వవిద్యాలయానికి అంతకుముందు పిల్లల్ని పంపని బడులు పంపసాగాయి. మనకూ దీనికి దగ్గర బంధువు ఉంది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి ఫలితాల మీదే పల్లె పిల్లల్ని తీసుకుని, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు కొంత అదనపు స్కోరు కలిపాయి. క్లబ్బు ఉందా లేదా అని ఎవరినీ అడగలేదు.

దీనికంటే బలమైన ఆక్షేపణ ఒకటుంది, దానికి నేను తొందరగా జవాబు చెప్పదలచుకోలేదు. మన దగ్గర పరీక్షలో రానిది ఏదీ బడిలో బతకదు. తల్లిదండ్రులు అడగరు, యాజమాన్యాలు ఇవ్వవు. కాబట్టి ఆటపాటల్ని సీటు లెక్కలో చేర్చితేనే అవి బడిలోకి వస్తాయి కదా? నిజమే, వస్తాయి; వచ్చేది ఏ రూపంలో అన్నదే భయం. ర్యాంకు అమ్మిన చోటే సర్టిఫికెట్టు అమ్ముతారు. సేవ చేసినట్టు ఫొటో, నాయకుడైనట్టు లెటర్‌హెడ్డు దొరుకుతాయి. ఊరి బడి పిల్లవాడికి అప్పటిదాకా ఒక్క పరీక్షలోనే వెనుకబాటు ఉంటే, ఇప్పుడు రెండుచోట్ల ఉంటుంది. నీరు చేరని శివారు చేనుకు నీటి తీరువా వేయడమంటే ఇదే. లెక్కలో చేర్చకుండా బడిలోకి తేవచ్చని అమెరికాయే రుజువు చేసింది. 1971–72లో ఇక్కడి హైస్కూలు జట్లలో ఆడే ఆడపిల్లలు 3 లక్షలు కూడా లేరు. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చి, కేంద్ర నిధులు పుచ్చుకునే బడుల్లో ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలంది. ఇప్పుడు వాళ్లు 30 లక్షలకు పైనే. వాళ్లలో అత్యధికులకు ఆ ఆటవల్ల ఏ కాలేజీ సీటూ రాదు. హక్కు అన్నారు కాబట్టి మైదానం వచ్చింది.

మన చరిత్రలోనూ ఇందుకు సాక్ష్యం లేకపోలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి పదేళ్లు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే తాను బొమ్మలు వేస్తూ కుర్రాళ్లకు నేర్పాడు. దామెర్ల రామారావును బొంబాయి జె.జె. కళాశాల దారి పట్టించాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఆ బొమ్మలకు ఏ ప్రవేశంలోనూ మార్కు లేదు. అయితే కూల్డ్రే వెళ్లిపోయాక ఆ పని కాలేజీలో అలాగే సాగాలన్న నియమం కూడా ఏదీ లేదు. మంచి ప్రిన్సిపాలు దొరకడం ఆ తరం అదృష్టం. అమలాపురం నుంచి వెళ్లి 2023లో ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చిన సాత్విక్ సాయిరాజ్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. డ్రిల్ మాస్టారు ఇంట్లోనే ఉండటం అతని అదృష్టం. ఇలాంటి అదృష్టం అవసరం లేని ఏర్పాటు కావాలి. ఐఐటీ మద్రాసు 2024 నుంచి క్రీడాకారులకు అదనపు సీట్లు ఇస్తున్న పద్ధతితో నాకు పేచీ లేదు. అవి కొద్ది సీట్లు, మిగతావాళ్ల సీట్లకు అడ్డురావు, జాతీయ స్థాయి ఆట అన్నది అందరికీ కనబడే కొలత. అందరి దరఖాస్తులోనూ ‘వ్యక్తిత్వం’ వెతకడం వేరు.

ఇక ఇప్పుడే అమెరికాకు దరఖాస్తు పెడుతున్న పిల్లల సంగతి. ఇక్కడి కాలేజీల్లో చాలావాటికి మార్కులూ, ఇంగ్లీషూ, ఫీజు కట్టే స్తోమతూ చాలు. వ్యాపకాల్ని అంత పట్టి చూసేవి కొన్ని పదుల కాలేజీలు మాత్రమే. అవి కూడా దరఖాస్తుతో పాటు బడి పంపే వివరాల పత్రం చూసి, అక్కడ ఏముందో ఏం లేదో తెలుసుకుంటాయి. లేని క్లబ్బులో చేరలేదని తప్పుపట్టకూడదన్నది వాళ్ల నియమం. 2016లో హార్వర్డ్ విద్యాశాఖ నుంచి వచ్చిన ఒక నివేదిక, ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడం, కుటుంబం కోసం పనిచేయడం కూడా విలువైనవిగా గుర్తించమంది. దరఖాస్తులో ‘కుటుంబ బాధ్యతలు’ అన్న విభాగం ఉంది. కడియం నర్సరీలో సెలవుల్లో అంట్లు కట్టినవాడు, భీమవరం పక్కన రొయ్యల చెరువు లెక్కలు రాసినవాడు ఆ మాట ఉన్నదున్నట్టు రాయవచ్చు, లక్షలు పోసి ప్రొఫైల్ కొననక్కర్లేదు. దీన్ని వ్యవస్థ మంచితనంగా మాత్రం పొగడలేను. చదువుకునే వయసులో పనిచేయక తప్పని పిల్లవాడికి ఆ పనిని అందంగా రాసుకునే భారం కూడా వేయడం న్యాయం కాదు.

మన దగ్గర చేయగలిగినదానిలో సగం చట్టంలో ఇప్పటికే రాసి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం, గ్రంథాలయం ఉండాలంటుంది. వందమందికి మించిన ప్రాథమికోన్నత బడిలో చిత్రకళకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యం, పాఠ్యేతరం అన్న గోడే వద్దంది. అయితే ఆ హక్కు పద్నాలుగేళ్లతో, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. సరిగ్గా ఆ తర్వాతి నాలుగేళ్లే, తొమ్మిది, పది తరగతులు, ఇంటర్, మన పిల్లల్ని ఒక భవనంలో కట్టిపడేస్తున్నాయి. ఆ షెడ్యూలును ఇంటర్ రెండో సంవత్సరం దాకా పొడిగించమని, కాలేజీకి అనుమతి ఇచ్చే ముందు మైదానాన్ని వెళ్లి చూసి రమ్మని, వ్యాయామ ఉపాధ్యాయుడి జీతం పట్టీని అడగమని రాజమండ్రిలోనో ఏలూరులోనో తల్లిదండ్రులు ఒక అర్జీ రాస్తే, అందులో సీటు మాటే ఎత్తనక్కర్లేదు.